ప్రభుత్వపు బీమాగల ఇంటి అప్పు: ఆ బీమా ఎవరికి?

గడచిన వేసవిలో వరి విత్తనశుద్ధి చేసి చూపుటకై మేము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయియుంటిమి. పని ముగిసిన పిమ్మట సంఘ సభ్యుడగు ఒక వృద్ధరైతు మమ్ము తన అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ యిప్పించి, విత్తనముల మాట విడిచి మఱియొక సంగతి యెత్తెను. ఆయన కుమారుడు అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునందలి డాలసు నగర ప్రాంతమున ఉద్యోగములో నున్నాడు. అచ్చట ఇల్లు కొనదలచి, ముందుగా తాను చేతినుండి చెల్లింపవలసిన సొమ్ము చాలక తండ్రిని అడిగినాడు.

“చూడండి బాబూ, ఆ అప్పుకి అక్కడి సర్కారే బీమా చేస్తుందంట. ఇంక మనకి భయమేముంది? కాలవ కింద యాభై సెంట్లు అమ్మి పంపిద్దామనుకుంటున్నాను. బేరం కూడా వచ్చింది” అని ఆయన చెప్పెను.

“ఆ బీమా ఎవరి నష్టానికండీ?” అని మేము అడిగితిమి.

ఆయన కొంతసేపు ఆలోచించి, “మావాడి నష్టానికేగా?” అనెను.

మాకును ఆనాడు దానిని గూర్చి పూర్తిగా తెలియదు. తెలియనిదానికి తెలిసినట్లు జవాబు చెప్పుట మా వృత్తికి తగదు గనుక, పదిదినములలో చదివి తెలిసికొని మరల వత్తుమనియు, అంతవరకు బేరమునకు బయానా పుచ్చుకొనవద్దనియు చెప్పి వచ్చితిమి. మన జిల్లాలలో పిల్లలు ఆ దేశమున నున్న యిండ్లు లేని గ్రామము నేడు అరుదు. ఈ ప్రశ్న మఱి కొందఱు సభ్యులకును కలుగవచ్చును గావున, మేము తెలిసికొన్నదానిని ఈ పత్రికాముఖమున వివరించుచున్నాము.

ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినది?

అమెరికాలో 1934వ సంవత్సరమునకు పూర్వము ఇల్లు కొనుట మధ్యతరగతివానికి దుస్సాధ్యముగా నుండెను. కొనువాడు తఱచుగా ఇంటి ధరలో సగమువఱకు తానే తెచ్చుకొనవలసియుండెడిది. అప్పు గడువు సామాన్యముగా ఐదు మొదలు పది యేండ్లలోపుగానే యుండెడిది. అనేకులు గడువు పొడుగునను వడ్డీ మాత్రము కట్టుచు, గడువు దీరినదినమున అసలంతయు ఒక్కపెట్టున చెల్లింపవలసి వచ్చెడిది. అది చేతకానివాడు ఆ అప్పు తీర్చుటకు మఱియొక అప్పు చేయుచుండెను. మన పల్లెలలో నోటు తిరుగవ్రాయుట యెట్టిదో ఇదియు నట్టిదే.

1929లో ఆ దేశమున వర్తకమెల్ల కూలిపోయి, బ్యాంకులు మూతపడి, జనులు పనులు పోగొట్టుకొనిరి. తిరుగవ్రాయుటకు క్రొత్త అప్పు పుట్టలేదు. 1933లో దినమునకు సుమారు వేయి యిండ్లు తనఖా క్రింద ఋణదాతల పరమైనవి. ఋణదాతలును మునిగిరి, ఇండ్లు చేతికి వచ్చినను కొనువారు లేకపోయిరి. అంతట 1934 జూన్ 27వ తేదీన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు జాతీయ గృహనిర్మాణ చట్టముపై సంతకము చేసెను. ఆ చట్టమువలన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అను సంస్థ యేర్పడినది. దానినే అందఱును ఎఫ్.హెచ్.ఏ. యందురు. 1965 నుండి అది ఆ దేశపు గృహవసతి, నగరాభివృద్ధి శాఖలో చేరియున్నది.

ఈ సంస్థ తాను అప్పు ఈయదు. అప్పిచ్చునది బ్యాంకో, మఱియొక ఋణదాతయో. ఋణగ్రహీత బాకీపడినచో ఋణదాతకు వచ్చు నష్టమును తాను పూరింతునని సంస్థ పూచీపడును. ఈ ధైర్యముతో ఋణదాతలు మొదట ఇంటి విలువలో నూటికి 80 వంతులవఱకు, 20 ఏండ్ల గడువుమీద, ప్రతినెల కిస్తులో అసలును వడ్డీయు కలిపి తీరునట్లుగా అప్పులిచ్చిరి. తరువాత గడువు 30 ఏండ్లకు పెరిగినది. నేడు అమెరికాలో ఇంటి అప్పనగానే తలపునకు వచ్చు దీర్ఘకాలపు సమాన కిస్తుల పద్ధతి వ్యాపించుటకు ఈ సంస్థ ముఖ్యకారణము.

దీని చరిత్రలో మచ్చయు లేకపోలేదు. మొదటి దశాబ్దములలో నల్లజాతివారు నివసించు పేటలను అపాయకరములని గుర్తించి, అచ్చటి అప్పులకు బీమా నిరాకరించుచుండెను. 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టము జాతినిబట్టి ఇట్టి భేదము చూపుటను నిషేధించినది.

పూచీ ఒకటి, రక్షణ ఒకటి

ఇక అసలు ప్రశ్నకు వత్తము. బీమా అనుమాట వినగానే మనకు పంటల బీమా జ్ఞప్తికి వచ్చును. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున ఖరీఫు ఆహారధాన్యములకు రైతు భాగముగా బీమా మొత్తములో నూటికి 2 వంతులు నిర్ణయించిరి. అచ్చట నష్టపోవునది రైతు పంట; పరిహారము రైతు ఖాతాకు చేరును. ప్రీమియము కట్టువాడును రైతే, రక్షింపబడువాడును రైతే.

ఎఫ్.హెచ్.ఏ. బీమా అట్టిది కాదు. అచ్చట ప్రీమియము కట్టువాడు ఋణగ్రహీత, రక్షింపబడువాడు ఋణదాత. కుమారునికి ఉద్యోగము పోయినను, జబ్బుచేసినను, దైవవశమున ప్రాణాపాయమే కలిగినను ఆ బీమా అతని కిస్తు కట్టదు, అతని అప్పు తీర్చదు. ఇల్లు కాలినను, గాలివానకు కప్పు లేచిపోయినను పరిహార మీయదు. వానికి ఇంటి బీమా వేరు, ప్రాణబీమా వేరు. పేరొక్కటే గాని మూడును మూడు వేర్వేరు వస్తువులు.

దీనిని సంఘ భాషలో చెప్పుదము. ఒక సభ్యుడు అప్పు తీసికొనునప్పుడు మఱియొకడు జామీను సంతకము చేయును. సభ్యుడు కట్టకపోయినచో సంఘము జామీనుదారునివద్ద రాబట్టుకొనును. అందువలన సంఘమునకు నిశ్చింత. అప్పు తీసికొన్నవానికి నిశ్చింత కలుగునా? కలుగదు. వాని భూమి తాకట్టులోనే యుండును. వాని పేరు బాకీదారుల పట్టికకు ఎక్కును. ఎఫ్.హెచ్.ఏ. అట్టి జామీనుదారు. భేదమొక్కటే: మన జామీనుదారు స్నేహముకొలది సంతకము చేయును, ఆ జామీనుదారు తన సంతకమునకు రుసుము పుచ్చుకొనును, ఆ రుసుమును ఋణగ్రహీతయే చెల్లించును.

మన సహకారోద్యమ చరిత్రయందును ఇట్టి యుదాహరణము కలదు. 1929లో మద్రాసున కేంద్ర భూమి తనఖా బ్యాంకు స్థాపింపబడినది. అమెరికా చట్టము పుట్టిన 1934వ సంవత్సరమందే మద్రాసు రాష్ట్రమున భూమి తనఖా బ్యాంకుల చట్టమును వచ్చినది. ఆ బ్యాంకు అమ్మిన డిబెంచర్లకు ప్రభుత్వము హామీ యిచ్చెను. ఆ హామీ డిబెంచర్లు కొన్నవారి సొమ్మునకు. భూమి తనఖా పెట్టిన రైతునకు గాదు. అయినను రైతు దానివలన లాభమునే పొందెను. హామీ యున్నందున సొమ్ము పుట్టినది. దీర్ఘకాలపు గడువు దొరకినది. అమెరికా బీమావలన ఋణగ్రహీతకు కలుగు మేలును సరిగా ఇదియే: అప్పు పుట్టుట, తక్కువ సొమ్ముతో పుట్టుట, దీర్ఘకాలము దొరకుట. ఇది చిన్న మేలు కాదు. కాని ఇది అప్పు దొరకుటకు సాయమేగాని అప్పునుండి రక్షణ కాదు. ఈ రెంటి భేదము తెలిసినచో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

ఒక ఇంటి లెక్క

మేము ఆ వృద్ధరైతునకు కాగితముమీద వ్రాసి చూపిన లెక్కనే ఇచ్చట చూపుచున్నాము. ఇంటి ధర 3,00,000 డాలర్లనుకొందము. వడ్డీ నూటికి ఏటికి ఆరున్నర అనుకొందము. ఇది లెక్కకొఱకు మేము తీసికొన్న రేటే గాని అందఱికిని దొరకు రేటు కాదు.

ఎఫ్.హెచ్.ఏ. అప్పునందు క్రెడిట్ స్కోరు 580కి తక్కువ కానివాడు ధరలో నూటికి మూడున్నర వంతులు చేతినుండి పెట్టిన చాలును. క్రెడిట్ స్కోరనగా ఆ మనిషి ఇదివఱకు అప్పులు తీర్చిన తీరునుబట్టి వేసిన మార్కు. 500 మొదలు 579 వఱకు ఉన్నవాడు నూటికి పది పెట్టవలెను. మన లెక్కలో మూడున్నర వంతులనగా 10,500 డాలర్లు. మిగిలిన 2,89,500 డాలర్లు అప్పు.

దీనిపై బీమా రుసుము రెండు విధములు. మొదటిది ఆరంభమున ఒకేసారి కట్టవలసినది. అప్పులో నూటికి ఒకటిముప్పాతిక వంతు, అనగా 5,066 డాలర్లు. చేత సొమ్ము లేనివాడు దీనిని అప్పులోనే కలుపుకొనవచ్చును. పెక్కుమంది అట్లే చేయుదురు. అపుడు అప్పు 2,94,566 డాలర్లగును. కలుపుకొన్నంత మాత్రమున భారము పోలేదు. ఆ 5,066 డాలర్లకే 30 ఏండ్లలో వడ్డీతో కూడ సుమారు 11,500 డాలర్లు చెల్లింపవలసివచ్చును.

30 ఏండ్ల గడువునకు నెలకిస్తు సుమారు 1,862 డాలర్లు. మొదటి నెలలో ఇందు వడ్డీకి పోవునది 1,596. అసలుకు జమయగునది 266 మాత్రమే. కడపటివఱకు కట్టినచో మొత్తము సుమారు 6,70,000 డాలర్లగును.

రెండవ రుసుము ఏటేట లెక్కకట్టి నెలనెల వసూలు చేయునది. 2023 మార్చిలో దీనిని తగ్గించిరి. ఆనాటి తగ్గింపు ప్రకారము మన లెక్కలోని అప్పువంటిదానికి ఏటికి నూటికి 0.55 వంతు. మొదటి సంవత్సరమున నెలకు సుమారు 132 డాలర్లు. అసలు తగ్గినకొలది ఇదియు తగ్గును. 30 ఏండ్లును కట్టినచో మొత్తము సుమారు 31,000 డాలర్లగును.

ఇచ్చట మిక్కిలి గమనింపదగిన నియమము కలదు. 2013 జూన్ 3వ తేదీ మొదలుకొని పెట్టిన దరఖాస్తులకు, చేతినుండి నూటికి పదికంటె తక్కువ పెట్టినవాడు అప్పు ఉన్నంతకాలము ఈ ఏటి రుసుము కట్టవలెను. పది గాని అంతకు మించి గాని పెట్టినవాడు 11 ఏండ్లు కట్టిన చాలును. మన లెక్కలోని ఇంటికి పదివంతులనగా 30,000 డాలర్లు. అపుడు అప్పు 2,70,000. ఏటి రుసుము నూటికి అర వంతు, మొదట నెలకు సుమారు 112 డాలర్లు. పదునొకండవ యేట అది ముగియును.

ప్రభుత్వ బీమా లేని సామాన్యపు అప్పుతో పోల్చి చూడక నిర్ణయింపరాదు. అచ్చటను ఐదవవంతు పెట్టలేనివానిచే ప్రైవేటు బీమా కట్టింతురు. కాని 1998 నాటి చట్టము ప్రకారము, కిస్తులు సరిగా కట్టినవాని అప్పు ఇంటి మొదటి విలువలో నూటికి 80 వంతులకు దిగినపుడు అతడు ఆ బీమాను తీసివేయుమని కోరవచ్చును. 78కి దిగవలసిన సమయమునకు అది తనంతట పోవలెను. మంచి స్కోరు గలవానికి సామాన్యపు అప్పే చౌక కావచ్చును. స్కోరు తక్కువైనవానికి ప్రైవేటు బీమా మిక్కిలి ప్రియము గనుక ఎఫ్.హెచ్.ఏ.యే మేలు కావచ్చును. రెండు ఋణదాతలవద్ద రెండును వ్రాయించి చూచుటకంటె దీనికి వేఱు ఉపాయము లేదు.

కిస్తుతోపాటు ఇంటి పన్ను, ఇంటి బీమాల కొఱకు నెలనెల కొంత సొమ్ము జమకట్టించుకొందురు. పన్ను పెరిగినచో అప్పు కిస్తు పెరుగకున్నను నెల చెల్లింపు పెరుగును. టెక్సాసు రాష్ట్రమున ఆదాయపు పన్ను లేదు. ఇంటి పన్ను మాత్రము బరువుగా నుండును. కావున “కిస్తు ఎంత?” అని అడుగుట చాలదు, “అన్నియు కలిపి నెలకు ఎంత?” అని అడుగవలెను.

ఎవరికి దొరకును? ఏ షరతులపై?

మొదటి షరతు మన పిల్లలకు మిక్కిలి ముఖ్యమైనది. పూర్వము హెచ్-1బి వంటి తాత్కాలిక ఉద్యోగ వీసాలమీద నున్నవారును ఈ అప్పు పొందుచుండిరి. 2025 మార్చిలో ప్రకటించిన మార్పు ప్రకారము, ఆ సంవత్సరము మే 25వ తేదీనుండి తాత్కాలిక నివాసులకు ఈ బీమా లేకుండ జేసిరి. ఆ దేశపౌరులును, గ్రీన్ కార్డు గల శాశ్వత నివాసులును అర్హులుగా నిలిచిరి. వీసామీద నున్న కుమారుడు పాతమాట విని ఇంటికి బయానా యిచ్చుట, తండ్రి ఇచ్చట పొలమునకు బయానా పుచ్చుకొనుట, ఆ వెనుక అప్పు లేదని తెలియుట: ఇట్టి ఆపద రాకుండవలెనన్న మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. ప్రభుత్వ బీమా లేని అప్పు వారికి కొందఱు ఋణదాతలవద్ద దొరకవచ్చును. దాని షరతులు వేరు.

రెండవది, ఇల్లు కొన్నవాడు నివసించుటకే కావలెను. సామాన్యముగా 60 దినములలో అందు ప్రవేశించి కనీస మొక సంవత్సరము నివసింపవలెను. అద్దెకిచ్చి లాభము తీయుటకై కొనువారికి ఇది గాదు.

మూడవది, ఆదాయపు కొలత. నెలవారీ ఆదాయములో ఇంటి చెల్లింపు నూటికి 31 వంతులును, కారు మొదలగు అన్ని అప్పుల కిస్తులును కలిపి 43 వంతులును మించరాదనునది సామాన్యపు కొలత. వేఱు బలములున్నవారిని కొంత మించనిత్తురు. ఋణదాత మించనిచ్చినంత మాత్రమున మించుట క్షేమమని తలపరాదు. గేదె ఎన్ని పాలిచ్చునో చూచి కిస్తు పెట్టుకొనవలెనుగాని, ఇచ్చుననుకొన్న పాలకు కాదు.

నాలుగవది, అప్పునకు ప్రాంతమునుబట్టి ఏటేట మార్చెడి గరిష్ఠపరిమితి కలదు. 2025లో ఒక కుటుంబపు ఇంటికి సామాన్య ప్రాంతములలో 5,24,225 డాలర్లు. మిక్కిలి ప్రియమైన ప్రాంతములలో 12,09,750 డాలర్లు.

ఐదవది, ఇంటికి విలువకట్టు పరీక్ష. సంస్థ పట్టికలోని విలువదారు వచ్చి ఇంటి విలువను, నివాసయోగ్యతను చూచి వ్రాయును. ఇదియు ఋణదాత కొఱకు, బీమా సంస్థ కొఱకు చేయు పరీక్షయే. పునాది బీటలు, కప్పు కారుటలు, గొట్టముల లోపములు వెదకి చూచుట అతని పని కాదు. కొనువాడు తన సొంత ఖర్చుతో వేఱు పరీక్షకుని పెట్టుకొనవలెనని ఆ ప్రభుత్వమే హెచ్చరించుచున్నది. ఎద్దును కొనునపుడు అమ్మువాని మాటమీదనో, అప్పిచ్చువాని చూపుమీదనో ఆధారపడక మనమే పండ్లు పట్టి చూతుము గదా.

కిస్తు తప్పినపుడు జరుగునది

గడువు దాటి పదునైదు దినములైనచో ఆలస్యపు రుసుము పడును. అది కిస్తులో నూటికి నాలుగు వంతులవఱకు ఉండవచ్చును. సామాన్యముగా 120 దినముల బాకీ పడువఱకు ఋణదాత ఇంటిని వేలమునకు పెట్టు చర్యను ఆరంభింపరాదు. ఈ నాలుగు నెలలే ఋణగ్రహీతకు అమూల్యమైన కాలము. బాకీపడిన కిస్తులను వేఱు తీసి, ఇల్లు అమ్మినపుడో అప్పు తీరినపుడో కట్టునట్లు వడ్డీలేని రెండవ తనఖాగా నిలుపుట ఎఫ్.హెచ్.ఏ. అప్పులలో ఒక సదుపాయము. గడువు పెంచి కిస్తు తగ్గించుటయు కలదు. ప్రభుత్వ ఆమోదముగల సలహా సంస్థలు బాకీదారులకు ఉచితముగా ఆలోచన చెప్పును. కాని ఇవి అడిగినవానికే దొరకును. సిగ్గుచేత ఉత్తరములు విప్పక, ఫోను ఎత్తక కూర్చున్నవానికి నాలుగు నెలలు నాలుగు దినములవలె గడచిపోవును.

ఆ పిమ్మట టెక్సాసు రాష్ట్రమున పని వడిగా నడచును. సామాన్యముగా కోర్టునకు పోనవసరము లేకయే, కనీసము 21 దినముల నోటీసుమీద, నెలలో మొదటి మంగళవారమున ఇంటిని వేలము వేయుదురు.

ఇపుడు బీమా పనిచేయును. ఎట్లో మన లెక్కలోనే చూతము. రెండేండ్లు కట్టిన పిమ్మట బాకీపడెననుకొందము. అప్పటికి అప్పు సుమారు 2,88,000 డాలర్లు. ధరలు పడిపోయి ఇల్లు 2,50,000కే పోయెననుకొందము. కొఱతపడిన 38,000 డాలర్ల నష్టమును ఋణదాతకు బీమా నిధి పూరించును. ఋణగ్రహీత మొదట పెట్టిన 10,500 డాలర్లు, రెండేండ్ల కిస్తులు, రెండేండ్ల బీమా రుసుము, అన్నియు పోయినట్లే. వీథిలో నిలిచినవాడు అతడు. ఆ మచ్చ అతని క్రెడిట్ పత్రమున ఏడేండ్లు నిలుచును. మరల ఎఫ్.హెచ్.ఏ. అప్పు కావలెనన్న సామాన్యముగా మూడేండ్లు ఆగవలెను.

ఇది బీమాపై నిందగా మేము చెప్పుట లేదు. ఆ నిధి కోట్లాది కుటుంబములకు ఇండ్లు కలుగుటకు తోడ్పడినది. 2008 ప్రాంతమున ఇండ్ల ధరలు కూలినపుడు ఇతర ఋణదాతలు వెనుకకు తగ్గగా ఈ సంస్థయే అప్పులు పుట్టునట్లు చేసినది. ఆ భారముచేతనే 2013లో తన నిధి చాలక ప్రభుత్వ ఖజానానుండి సుమారు 170 కోట్ల డాలర్లు తీసికొనవలసి వచ్చెను. నేటి ప్రీమియములు ఆ నిధిని నిలుపుటకే. కాని నిధి నిలుచుటయు, మనవాని ఇల్లు నిలుచుటయు ఒకటి కాదు.

తండ్రి సంతకము

పల్లెలోని తండ్రికి నేరుగా తగులు భాగ మిది. చేతినుండి పెట్టవలసిన సొమ్మును దగ్గఱి బంధువులు బహుమతిగా ఈయవచ్చునని ఎఫ్.హెచ్.ఏ. నియమము. ఐతే ఇచ్చువాడు ఒక లేఖపై సంతకము చేయవలెను. ఈ సొమ్ము బహుమతియనియు, దీనిని తిరిగి చెల్లింపనక్కఱ లేదనియు అందుండును. సొమ్ము ఎవరి ఖాతానుండి ఎట్లు వచ్చినదో ఋణదాత ఆధారములు చూచును.

లేఖలో ఒకటి వ్రాసి, లోపల “సంపాదించి తిరిగి పంపుదువులే” అని యనుకొనుట తగదు. అది అబద్ధపు కాగిత మగును. కుమారునికి ఆ దేశమున చిక్కు తెచ్చును. పొలము అమ్మి పంపిన సొమ్ము మరల రాదని నిశ్చయించుకొన్న తరువాతనే తండ్రి సంతకము చేయవలెను. ఆ పొలముమీద ఆశగల ఇతర సంతానముతోను ముందుగా మాటాడవలెను. ఒక కుమారుని ఇంటి గోడ లేచుటకై ఇచ్చట అన్నదమ్ముల నడుమ, అక్కచెల్లెండ్ర నడుమ గోడ లేవరాదు.

సొమ్ము పంపుట బ్యాంకు ద్వారమునే జరుగవలెను. రిజర్వు బ్యాంకు సరళీకృత పథకము క్రింద దేశవాసి యొకడు ఒక ఆర్థిక సంవత్సరమున 2,50,000 డాలర్ల వఱకు పంపవచ్చును. అడ్డదారిన పంపినచో ఇచ్చట నేరము. అచ్చట ఆధారము లేని సొమ్ము గనుక ఋణదాత అంగీకరింపడు.

అడుగవలసిన ప్రశ్నలు

ఎవరి పిల్లలైనను ఈ అప్పు మాట యెత్తినపుడు తండ్రి యీ క్రింది ప్రశ్నలడిగి జవాబులు వ్రాసికొనుట మంచిది. నీకు గ్రీన్ కార్డు వచ్చినదా? అప్పు కిస్తు, బీమా రుసుము, ఇంటి పన్ను, ఇంటి బీమా అన్నియు కలిపి నెలకు ఎంత? ఏటి రుసుము ఎన్నేండ్లు కట్టవలెను? ప్రభుత్వ బీమా లేని అప్పు లెక్క వ్రాయించితివా? ఇంటిని నీ సొంత పరీక్షకునిచే చూపించితివా? ఉద్యోగము పోయినచో ఎన్ని నెలల కిస్తు చేతనున్నది? నీకు ప్రాణబీమా వేఱుగా ఉన్నదా?

మేము మాటయిచ్చిన ప్రకారము పదవనాడు ఆ గ్రామమునకు పోయి, ఆ వృద్ధరైతు ఎదుట ఈ లెక్కయంతయు చదివితిమి. రాత్రి ఎనిమిది గంటలకు ఆయన కుమారునితో ఫోనున మాటాడి, ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగెను. గ్రీన్ కార్డు వచ్చియున్నది. రెండవ ప్రశ్నకు కుమారుడు కిస్తు మాత్రమే చెప్పగలిగెను. మూడవదానికి, “కొన్నాళ్లకు బీమా తీసేస్తారనుకుంటున్నాను నాన్నా, కనుక్కుంటాను” అనెను. ఆరవదానికి కొంతసేపు మాట రాలేదు. పిమ్మట, “రెండు నెలలకి” అనెను.

తండ్రి కోపపడలేదు. “కనుక్కొని చెప్పరా అయ్యా. పొలం ఎక్కడికీ పోదు” అని ఫోను పెట్టివేసెను.

తరువాత మాకు తెలిసినదేమనగా, కుమారుడు రెండు ఋణదాతలవద్ద లెక్కలు వ్రాయించి, తన జీతమునుండియే పదివంతులు కూడబెట్టువఱకు కొనుగోలును వాయిదా వేసికొన్నాడు. ఇల్లు కొనడని కాదు, కొనును. కాలువ క్రింది యాభై సెంట్లలో ఈ సార్వాకు మరల నాట్లు పడినవి.

ఇట్టి కాగితములు ఏ సభ్యుని యింటికి వచ్చినను, సంతకమునకు ముందుగా సంఘపు కార్యాలయమునకు తెచ్చి చదివించుకొనవలెనని మా మనవి. చదువుటకు పట్టునది ఒక సాయంకాలము; కట్టుటకు పట్టునది ముప్పది యేండ్లు.